మొద్దులోని మర్మము

పిడికిలియంత కొయ్యముక్క. ఎరుపు కలసిన గోధుమ వన్నె. ఒకవైపున మాత్రము ఎండిన మట్టిగడ్డవలె గరుకుగా నుండును. దానిని బల్లకు బిగించి, పగలంతయు కచేరీలోనో బడిలోనో పనిచేసి వచ్చిన మనుష్యుడొకడు రాత్రి దీపము క్రింద కూర్చుండి ఆకురాయితో అరగదీయుచుండును. ఈ దృశ్యము కోపెన్‌హేగను నగరములో కానవచ్చును. ఇటలీలోని ఒక పల్లెలో కానవచ్చును. అమెరికాలో ఏ ఇంటి పెరటి కొట్టములోనైనను కానవచ్చును. అతడు చేయుచున్నది పొగాకు త్రాగు పైపు. అది అంగడిలో దొరకని వస్తువు కాదు. డబ్బు పెట్టినచో అంతకంటె నున్ననిది నిమిషములో చేతికి వచ్చును. అయినను అతడు ఆ ముక్కతో ఎన్నో రాత్రులు గడపును. పని సగమైన పిదప గాని, ఒక్కొక్కప్పుడు పని అంతయు ముగియు వేళకు గాని, ఆ కొయ్య కడుపులో ఏమున్నదో అతనికి తెలియదు.

తెలుగువారికి పొగాకు క్రొత్త కాదు. గోదావరి లంకల ఆకును, గుంటూరు సీమ వర్జీనియా ఆకును ఎరుగని వారుండరు. అయితే మన పల్లెలలో ఎక్కువగా వాడుకలో నున్నది చుట్ట. చుట్టకు పనిముట్టు అక్కరలేదు. ఆకును ఆకులోనే చుట్టి కాల్చుదురు. కాలిన పిదప బూడిద తప్ప ఏమియు మిగలదు. చిలుము మిగులును గాని అది కుమ్మరి చేతి మట్టి, పగిలినచో మరియొకటి. హుక్కా మిగులును గాని అది ఇంటిలో ఒకచోట స్థిరముగా ఉండవలసిన సరంజామా. పైపు వీటికి నడిమి వస్తువు. జేబులో పట్టును, ఏండ్ల తరబడి నిలుచును, యజమాని చేతి వేడికి రంగు మారును. పొగాకు కూరు గిన్నె, దాని నుండి ప్రక్కకు సాగిన కాడ, కాడకు తగిలించిన నోటిగొట్టము: ఇంతే దాని స్వరూపము. ఈ మూడింటిని పొందికగా కూర్చుట యెంత కష్టమో చేసినవానికే తెలియును.

పైపును కొయ్యతో చేయవలెనను ఆలోచన మొదట ఎవరికైనను వెర్రిగా తోచును. గిన్నెలో నిప్పు పెట్టవలసిన వస్తువును నిప్పునకు ఆహుతియగు కొయ్యతో చేయుటా? అందుచేతనే ఐరోపావారు మొదట మట్టిని ఆశ్రయించిరి. పదునారవ శతాబ్ది చివర ఇంగ్లండులో మట్టి పైపులు వచ్చినవి. పిదప హాలెండులోని గౌడా పట్టణము వాటికి పేరుపొందినది. మట్టి పైపు చౌక, కాని చేయి కాలును, క్రింద పడినచో ముక్కలగును. ధనికులు మీర్‌షామ్ అను తెల్లని మెత్తని రాతిని తెప్పించుకొనిరి. ఆ జర్మను పేరునకు సముద్రపు నురుగని అర్థము. అది తురుష్క దేశములోని ఎస్కిషెహిర్ ప్రాంతమున భూమిలో దొరకును. వియన్నా శిల్పులు దానిపై సింహముల తలలను, రాజుల ముఖములను, వేట దృశ్యములను చెక్కిరి. త్రాగిన కొలది ఆ తెలుపు తేనెరంగునకు తిరుగును. అదియు పగులు వస్తువే.

అమెరికాలో రైతులు మొక్కజొన్న కండెను తొలిచి పైపు చేసికొనిరి. మిజూరీ రాష్ట్రములోని వాషింగ్టను పట్టణములో 1869 ప్రాంతమున హెన్రీ టిబ్ అను తరిమెన పనివాడుండెను; హాలెండు నుండి వలస వచ్చినవాడు. ఒక రైతు తాను తీరిక వేళ చెక్కుకొన్న కండె పైపును అతనికి చూపి, ఇట్టివే తరిమెనపై చేసి పెట్టుమని కోరెనట. టిబ్ చేసిన వాటిలో కొన్నింటిని తన దుకాణములో నుంచగా అవి క్షణములో అమ్ముడుపోయినవి. ఆ కండె పైపులు నేటికిని ఆ ఊరిలో తయారగుచున్నవి. ఒక పరిశ్రమకు పుట్టుక ఒక రైతు తీరిక వేళ పట్టిన చాకు.

మట్టి పగులును, రాయి పగులును, కండె కొంతకాలమునకు మాడిపోవును. పగలక, మాడక నిలుచు కొయ్య ఒకటి మధ్యధరా సముద్ర తీరములలో ఉన్నదని లోకమునకు తెలిసినది పందొమ్మిదవ శతాబ్ది నడుమ. దానిని ఫ్రెంచివారు బ్రుయేర్ అందురు. ఇంగ్లీషులో అది బ్రయరు అయినది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు ఎరికా అర్బోరియా. తెల్లని చిన్నపూలు గుత్తులు గుత్తులుగా పూయు పొద అది. కోర్సికా, సార్డీనియా, ఇటలీలోని కలాబ్రియా, గ్రీసు, స్పెయిను, అల్జీరియా, మొరాకో దేశముల రాతి కొండలపై పెరుగును. చూపునకు వట్టి తుప్ప. దాని విలువ పైన లేదు. నేలలో, కాండమునకును వేళ్లకును నడుమ ఉబ్బిన బుడిపెలో నున్నది.

ఆ బుడిపె ఎందుకు ఏర్పడునో తెలిసికొన్నచో ముచ్చటగా నుండును. ఆ కొండలలో వేసవి కార్చిచ్చులు సాధారణము. పొద పైభాగమంతయు మాడిపోయినను, నేలలోని ఈ బుడిపె దాచుకొన్న ఆహారముతోడను మొగ్గలతోడను మరల చిగిర్చును. అగ్నితో కాపురము చేయుటకు ప్రకృతి దానికి చేసిన ఏర్పాటది. ఆ బుడిపె కొయ్య దట్టముగా, మిక్కిలి గట్టిగా ఉండును, తేమను పీల్చుకొనును, వేడిని నిదానముగా గాని బయటకు పంపదు. కొన్నాళ్లు వాడిన పైపు గిన్నెలో సన్నని బొగ్గు పొర ఏర్పడును. ఆ పొర మరింత కవచమగును.

పైపునకు తగిన పరిమాణము వచ్చుటకు బుడిపెకు 30 మొదలు 60 ఏండ్లు పట్టును. తాత నాటి పొదను మనుమడు త్రవ్వవలెనన్న మాట. త్రవ్వినవారు దానిని ఎండనీయరు. తడి మట్టిలో, తడి గోనెల క్రింద ఉంచి, కోతగాని వద్దకు చేర్చుదురు. ఎండకు వదలినచో ఒక్క మధ్యాహ్నములో నిలువునా నెఱ్ఱెలు విచ్చును.

ఈ కోతగాడు ఈ కథలో ముఖ్యుడు. పైపుపై అతని పేరుండదు. తిరుగుచున్న పెద్ద గుండ్రని రంపము ముందు కూర్చుండి, బురద కారుచున్న బుడిపెను ఒట్టి చేతులతో దానికి అందించుచుండును. నడిమి ఎర్రని గుండెకాయ పనికిరాదు, దానిని తీసివేయును. కుళ్లును, రాళ్లు పొదిగిన చోట్లను, పగుళ్లను తప్పించును. మిగిలిన దానిలో ఎన్ని ముక్కలు వచ్చునో, ఏ ముక్క ఎటు తిరిగి ఉండవలెనో కంటితో చూచి రెప్పపాటులో నిర్ణయించును. బుడిపెలో చారలు నడుమ నుండి వెలుపలికి సూర్యకిరణములవలె సాగును. వెలుపలి అంచు నుండి కోసిన ముక్కలో ఆ చారలు పొడవుగా నిలుచును. వాటిని అడ్డముగా కోసిన ముఖమున చిన్నచిన్న చుక్కలు కానవచ్చును. పనివారు ఆ చుక్కలను పిట్టకన్నులందురు. ఒకే పైపుపై ప్రక్కలను నిలువు చారలు, పైని క్రిందను పిట్టకన్నులు వచ్చునట్లు చేయుట ఈ కళలో పై మెట్టు. దానికి పునాది వేయువాడు కోతగాడే. అతడు ఒక వ్రేలిమందము తప్పి కోసినచో ఎంత గొప్ప శిల్పియు ఏమియు చేయలేడు.

కోసిన ముక్కలను పెద్ద రాగి కాగులలో గంటల తరబడి, ఒక్కొక్కచోట రాత్రింబవళ్లు, ఉడికింతురు. నీరు ఎర్రగా మారును. కొయ్యలోని వగరు రసమంతయు దిగిపోవును. అటుపిమ్మట గాలి మెల్లగా ఆడు నీడపట్టున మాసముల తరబడి, కొందరు ఏండ్ల తరబడి ఆరబెట్టుదురు. మన కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను వాడుదురు. అది తేలిక, మెత్తన, ఉలికి లొంగును. ఏటికొప్పాకవారు అంకుడు కొయ్యను తరిమెన పట్టి లక్క పూయుదురు. అవి చేతికి చనువిచ్చు కొయ్యలు. బ్రయరు అట్టిది కాదు. ఆకురాయిని తిప్పికొట్టును. ఉలి జారినచో చేయి తెగును.

ఫ్రాన్సు తూర్పున జూరా కొండలలో సెంట్‌క్లోద్ అను ఊరున్నది. మధ్యయుగముల నుండి అది యాత్రాస్థలము. యాత్రికుల కొరకు ఆ ఊరివారు కొయ్య జపమాలలను, చిన్న బొమ్మలను తరిమెన పట్టి అమ్ముచుండిరి. కొండవాగుల నీటి బలముతో తరిమెనలు తిరుగుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ బ్రయరు ఆ ఊరు చేరినది. ఎట్లు చేరినదనుటకొక కట్టుకథ కలదు. నెపోలియను పుట్టిన చోటును చూడవలెనని ఒక పైపుల వర్తకుడు కోర్సికాకు వెళ్లి, దారిలో తన మీర్‌షామ్ పైపును పగులగొట్టుకొనెనట. పాపమని ఒక కాపు తన పొలము గట్టున దొరకిన దుంపతో అతనికి వేరొకటి చెక్కి యిచ్చెనట. అది మాడకుండుట చూచి వర్తకుడు ఆ కొయ్యను సెంట్‌క్లోద్‌కు పంపెనట. ఇట్టి కథలు ప్రతి పరిశ్రమకును ఉండును. నిజమేమనగా, తరిమెన ముందే ఉన్న ఊరికి కొయ్య వచ్చినది. ఊరు తనకు తెలిసిన పనినే క్రొత్త కొయ్యపై చేసినది. కొలదికాలములోనే ఆ ఊరు బ్రయరు పైపులకు లోకములో మొదటి పీట దక్కించుకొనెను. నేడు అచట చేయువారు కొద్దిమందియే; ఊరిలోని ప్రదర్శనశాలలో పైపులును, ఆ ఊరివారు సానపట్టిన వజ్రములును ప్రక్కప్రక్కనే ఉన్నవి.

కర్మాగారములో ఒక పైపు పదుల చేతులు మారును. ఒకడు గిన్నె తొలుచును, ఒకడు కాడ తిప్పును, ఒకడు రుద్దును, ఒకడు మెరుగు పెట్టును. ఏ ఒక్కరును తాము పైపు చేసితిమని చెప్పజాలరు. ఈ పద్ధతిని తలక్రిందులు చేసినవాడు సిక్స్‌టెన్ ఇవార్సన్. 1910లో స్వీడనులో పుట్టి కోపెన్‌హేగనులో స్థిరపడినవాడు. అతడు పైపుల పని నేర్చినవాడు కాడు. ఒకనాడు తన సొంత పైపు విరిగినది. క్రొత్తది కొనుటకు బదులు తానే బాగుచేసికొని, మెరుగు పెట్టించుటకు ఊరిలోని మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయెను. దుకాణదారు ఆ అతుకును చూచి, తన వద్ద పనికి రమ్మని పిలిచెనని చెప్పుదురు. అటు తరువాత వందల కొలది విరిగిన పైపులు అతని చేతి మీదుగా పోయినవి. ఎచ్చట పగులునో, ఎచ్చట పూడుకొనిపోవునో, ఎచ్చట మాడునో అతడు అట్లు చూచి నేర్చుకొనెను. పాఠశాలలో తప్పుల పట్టిక తయారుచేసికొన్న ఉపాధ్యాయునకు పాఠము చెప్పుట సులువగునే, అట్టిదే ఇదియు.

అంతవరకు పనివారందరు మొదట తొలిచి, పిదప ఆ తొలిచిన రంధ్రముల చుట్టు కొయ్యను చెక్కుచుండిరి. రంధ్రము ఎటున్న రూపము అటే పోవలెను. ఇవార్సన్ మొదట రూపము చెక్కి, పిదప తొలిచెను. కొయ్య చారలు ఎటు వంగిన పైపు అటు వంగును. రంధ్రమే రూపమును వెదకుకొనిపోవలెను. వినుటకు చిన్న మార్పు. చేతిలో సాహసము. ఎన్నో గంటలు చెక్కిన రూపమును చివర ఒక్క బరమా పోటుతో పాడుచేసికొనవచ్చును. డెన్మార్కులో 1942లో, యుద్ధము వలన బ్రయరు రాక, బీచి కొయ్యతో పైపులు మొదలుపెట్టిన స్టాన్‌వెల్ కర్మాగారమునకు యుద్ధానంతరము అతడే రూపములు కల్పించి యిచ్చెను. అతని కుమారుడు లార్సు, మనుమరాలు నానా కూడ ఆ పనినే చేపట్టిరి. సిక్స్‌టెన్ 2001లో మరణించెను. అతని పిదప స్వీడనులో బో నోర్డ్ అనునతడు, యౌవనములో మోటారుసైకిలు ప్రమాదమున నడుమునుండి క్రింది భాగము చచ్చుపడగా, చక్రాల కుర్చీలో కూర్చుండియే ఈ పనిలో మేటి అనిపించుకొనెను.

డెన్మార్కు చూపిన ఈ త్రోవయే అభిరుచి కొలది చెక్కువారికి తలుపు తెరచినది. ఒక్క మనిషి, ఒక్క బల్ల, కొన్ని ఆకురాళ్లు చాలునని తేలినది. అయితే మొదటిసారి పట్టువాడు ముందే తొలిచి, నోటిగొట్టము అమర్చిన ముక్కను కొనుక్కొనుట మేలు. అట్టి ముక్కలు అంగళ్లలో దొరకును. రూపము మాత్రమే అతని పని. రెండు మూడు చేసిన పిదప తొలుచుట మొదలుపెట్టును. అప్పుడు గాని అసలు లెక్క తెలియదు.

గిన్నె రంధ్రము వెడల్పు సుమారు 19 లేక 20 మిల్లీమీటర్లు, లోతు 35 మొదలు 40. కాడలోని పొగదారి వెడల్పు 4 మిల్లీమీటర్లకు మించదు. గిన్నె నిలువుగా దిగును, పొగదారి ప్రక్క నుండి వాలుగా వచ్చును. ఈ రెండు గిన్నె అడుగున, సరిగా నడుమ, ఒకే బిందువున కలియవలెను. దారి పైకి తేలినచో అడుగున పొగాకు కాలక తడిసి మురుగును. క్రిందికి దిగినచో అడుగు పలుచబడి మాడును. ప్రక్కకు తప్పినచో పొగ ఈల వేయును. కొయ్య లోపల కన్ను చూడజాలదు గనుక, ముక్క ప్రక్క ముఖమున పెన్సిలుతో రెండు గీతలు గీసి, కోణము కొలిచి, ఆ గీతలను నమ్మి తొలువవలెను. రెండు సరళరేఖలు ఒకే బిందువున ఖండించుకొనునని జ్యామితి పాఠమున వల్లించుట వేరు. కొనుక్కొన్న బ్రయరు ముక్కలో నిరూపించుట వేరు. ఈ ప్రయోగమున తప్పిన విద్యార్థికి ఎవరును మార్కులు తగ్గింపనక్కరలేదు. ముక్కయే తగ్గించును.

నోటిగొట్టము కథ వేరు. పూర్వము కహరువాతోను, కొమ్ముతోను చేసిరి. చార్లెస్ గుడియర్ 1844లో రబ్బరును గంధకముతో కలిపి ఉడికించు పద్ధతికి హక్కు పొందిన పిదప, అదే జాతి గట్టి రబ్బరు, ఎబొనైటు, నోటికి వచ్చినది. వేడి చేసినచో వంగును, చల్లారినచో వంగిన చోటనే నిలుచును. ఎండ తగిలినచో పసుపుపచ్చ చాయకు తిరిగి గంధకపు వాసన వేయును. పండ్ల నడుమ పట్టు చోటు 4 మిల్లీమీటర్లంత పలుచగా ఉండవలెను. లోపలి దారి మాత్రము అచట విసనకర్రవలె వెడల్పు కావలెను. సూదివంటి ఆకురాయితో ఆ పని చేయుటకు గిన్నె చెక్కినంత సేపు పట్టును. చూచువాడు గిన్నెను మెచ్చుకొనును. దీనిని ఎవరును చూడరు. చెక్కువారు మాత్రము మరియొకని పైపు చేతికి రాగానే మొదట చూచునది ఈ చోటే.

డిటెక్టివు కథలు చదివిన విద్యార్థులకు పైపు అనగానే షెర్లాక్ హోమ్సు నోటిలో వ్రేలాడు పెద్ద సొరకాయ పైపు జ్ఞప్తికి వచ్చును. కానన్ డాయిల్ కథలలో ఆ సొరకాయ ఎచ్చటను లేదు. అది నాటకములును చలనచిత్రములును అతని నోటికి తగిలించినది. కథలలోని హోమ్సు నల్లబడిన మట్టి పైపును, పాత బ్రయరు పైపును త్రాగును. వాదులాడ బుద్ధిపుట్టినప్పుడు మాత్రము చెర్రీ కొయ్య పైపు తీయును.

ఆకురాయి పని ముగిసి రూపము తేలిన పిదప ఉప్పు కాగితము పట్టుట మొదలగును. గరుకు నుండి నున్నకు, అయిదారు రకముల కాగితములు వరుసగా మార్చవలెను. ముందటి కాగితపు గీతలు పూర్తిగా పోకుండ తరువాతి దానికి పోరాదు. తొందరపడినవాని గీతలు రంగు వేసిన పిదప నిలువునా బయటపడును. ఈ దశలోనే వచ్చును ఇసుకగుంట.

బుడిపె నేలలో ఏండ్ల తరబడి పెరిగినది గదా. పెరుగుచు పెరుగుచు మట్టి రేణువునో, ఇసుక పలుకునో లోన కప్పుకొనును. ఒక్కొక్కచోట వట్టి బోలు మిగులును. ఆవగింజంత, సూదిమొనంత. కోతగాని కంటికి కానరాలేదు, తొలిచినప్పుడు కానరాలేదు, ఆకురాయికి తగులలేదు. చివరి కాగితమునకు, నున్నని గిన్నె చెంపపై, నల్లని చుక్క ఒకటి పొడచూపును. దాని వలన పైపు పనికి లోపమేమియు లేదు. మాడదు, పగులదు. అందము పోయినది, అంతే.

చెక్కువాడు మొదట చేయునది మరికొంచెము రుద్దుట. ఒక్కొక్కప్పుడు చుక్క మాయమగును. మాయమైనచోట ప్రక్కనే రెండు క్రొత్తవి లేచుటయు కలదు. ఇంకొంచెము, ఇంకొంచెము అని రుద్దుచు పోయినచో గోడ పలుచబడును, తూకము తప్పును; రెండవ చెంపను కూడ దానికి సరిపోల్చవలెను; గుండ్రముగా తలపోసిన గిన్నె కోలగా మారును. జూదరి మాటవలెనే ఉండును ఈ రుద్దుట. ఎచ్చట మానవలెనో తెలిసినవాడు పనివాడు.

ఇచట మూడు నాలుగు త్రోవలున్నవి. కొయ్యపొడిని జిగురుతో కలిపి గుంటను పూడ్చి, రంగు పూయవచ్చును. కర్మాగారములు రెండవ తరగతి సరుకునకు చిరకాలముగా చేయుచున్నది ఇదే. కొన్నాళ్లకు పూడిక రంగు వెలిసి, మచ్చవలె మిగులును. రెండవది, గిన్నె అంతటను ఉలితో గరుకు చెక్కడము చేయుట. గుంట ఆ చెక్కడములో కలిసిపోవును. మూడవది, ఇసుకను గాలితో వేగముగా చిమ్మి పైపొరను తినివేయుట. మెత్తని భాగము పోయి, గట్టి చారలు ఎండిన ఏటి ఒడ్డు పొరలవలె లేచి నిలుచును. లండనులో 1907లో దుకాణము తెరచిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ సంస్థ 1917 ప్రాంతమున ఈ పద్ధతికి హక్కు పొంది, దానినొక సొగసుగా అమ్మినది. తక్కువ సరుకని తోచినది కొంతకాలమునకు నున్నని వాటితో సమానముగా నిలిచినది. నాలుగవది, ఆ ముక్కను ప్రక్కకు విసరివేయుట.

అయిదవదియు ఒకటి కలదు. గుంటను గుంటగానే వదలి, మెరుగు పెట్టి, ఇచ్చునప్పుడు ఇదిగో ఇచట నున్నదని చూపుట. అమ్ముకొని బ్రదుకువానికి ఇది కష్టము. ఒక్క చుక్క ధరను సగమునకు దింపును. అతడు పూడ్చినచో అతనిని తప్పుపట్టుట సులభము కాదు. తన కొరకో, మిత్రుని కొరకో చేయు అభిరుచివాడు మాత్రము ఈ త్రోవ త్రొక్కగలడు. వాని వద్ద ఎవరును నిర్దుష్టమైన పైపును కోరలేదు. అయినను వారిలో చాలమంది పూడ్చుటకే ఇచ్చగింతురు. ఇతరులకు చూపుటకు గాక, తమ కంటికి తాము చూపుకొనలేక. అన్ని రాత్రులు పడిన పాటు ఆ ఒక్క చుక్క వద్ద ఓడినట్లు తోచును గాబోలు. ఈ పనిలో ఆరితేరినవారిని చూచినచో వేరొక సంగతి తెలియును. వారు చుక్కను దాచుట గాని, చాటుట గాని ముందుగా తలపెట్టరు. కొయ్యను మరల చేత పట్టుకొని, ఆ చుక్క రూపపు అంచుకు రాగలదా, చార మలుపులో కలియగలదా అని చూచుదురు. రూపమే మారిపోవును. మొదట గీసిన గీతకును చివర తేలిన పైపునకును పోలిక ఉండదు.

మెరుగు పని మిగిలినది. ముదురు రంగు పూసి ఆరిన పిదప మరల రుద్దినచో, గట్టి చారల మీద రంగు పోయి, మెత్తని చోట్ల మాత్రము నిలుచును. ఆపైని తేలిక రంగు వేసినచో చారలు రెండు వన్నెలతో లేచి కనిపించును. చివర బ్రెజిలులోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీయు కార్నూబా మైనమును తిరుగుచున్న గుడ్డ చక్రముపై పట్టించి అద్దుదురు. అప్పుడు గాని కొయ్య లోతు తెలియదు.

ఇంత చేసిన వస్తువు దేనికొరకు? ఈ ప్రశ్నను ఉపాధ్యాయులు అడుగవలసినదే. 1604లోనే ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. రాజుగారి కోపమునకు ఆనాడు శాస్త్రప్రమాణము లేదు. 1950లో డాల్, హిల్ అను ఇరువురు బ్రిటిషు పరిశోధకులు పొగ త్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరుకును గల సంబంధమును లెక్కలతో చూపిరి. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక, పైపు త్రాగుట పెదవి క్యాన్సరునకు కారణమగునని స్థిరపరచినది. పొగ లోనికి పీల్చుట లేదు గనుక పైపు వలన హాని లేదను మాట నిలువదు. నోరును గొంతును ఆ పొగను ఎరుగును. మన దేశములో 2003 నాటి చట్టము 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజముల లోపల అమ్మరాదనియు నిషేధించినది. నిషేధము మేలే.

చెక్కువారికి ఇది తెలియని సంగతి కాదు. వారిలో త్రాగువారును ఉన్నారు, మానినవారును ఉన్నారు, ఎన్నడును నిప్పు పెట్టనివారును ఉన్నారు. మానిన పిదప చెక్కుట మానలేనివారి సంగతి చిత్రమైనది. పొగదారి సరిగా గిన్నె అడుగుననే కలియవలెనని వారు మునుపటివలెనే పట్టుపట్టుదురు. త్రాగబోని పైపునకు పొగదారి ఎటున్ననేమి? గోడకు వ్రేలాడదీయుటకైనచో తొలువకయే చెక్కవచ్చును గదా. వారు ఒప్పుకొనరు. తొలువనిది పైపు కాదందురు. బెల్జియము చిత్రకారుడు రెనె మాగ్రిత్ 1929లో ఒక పైపును అచ్చుగుద్దినట్లు చిత్రించి, దాని క్రింద ఇది పైపు కాదని వ్రాసెను. బొమ్మలో పొగాకు కూరలేము గనుక ఆ మాట నిజమే. నిప్పు తగులని, అయినను కూరుటకు సిద్ధముగా నున్న కొయ్య పైపు క్రింద ఆయన ఏమని వ్రాసెడివాడో.

ఈ సందేహము తీరకముందే వస్తువు తరుగుచున్నది. డెన్మార్కులోని స్టాన్‌వెల్ కర్మాగారము 2010 ప్రాంతమున మూతపడినది. పైపు త్రాగువారు తగ్గిరి. తగ్గుట లోకమునకు క్షేమము. అయితే వారితోపాటు, బురద బుడిపెను చేతబట్టి రెప్పపాటులో చారను చదువగలిగిన కోతగాండ్రును తగ్గుచున్నారు. అది పుస్తకమున వ్రాసి దాచగల విద్య కాదు. రంపము ముందు ఏండ్లు కూర్చున్నవాని పక్కన ఏండ్లు కూర్చుండవలెను. త్రాగుడు పోవలెను, ఆ చూపు నిలువవలెను అని కోరుట న్యాయమే గాని, రెండింటిని విడదీయు ఉపాయము ఇంతవరకు ఎవరికిని దొరకలేదు. కొందరు యువకులు అదే బ్రయరుతో కత్తిపిడులను, కలములను చేయుచున్నారు. ఆ కొయ్యకు అవి చిన్న పనులు. నిప్పునకు ఓర్చుట నేర్చిన కొయ్య అది.

పెరటి కొట్టములోని మనిషి బల్ల క్రింద ఒక చెక్కపెట్టె ఉండును. గుంటలు పడినవి, దారి తప్పి తొలిచినవి, గోడ పలుచబడి పగిలినవి, అన్ని దానిలో పడియుండును. ఎవరును వాటిని పొయ్యిలో పెట్టరు. సులభముగా మండవు కూడ. రాత్రి పొద్దుపోయిన పిదప అతడు అటక మీది నుండి మరియొక ముక్కను దింపును. దాని అంచున పెన్సిలుతో వ్రాసిన సంవత్సరమును చూచి, ఆరినదని తెలిసికొనును. తడిగుడ్డతో ఒకసారి తుడుచును. తడిసినంతసేపు చారలు స్పష్టముగా మెరయును. ఆరగానే మరల మాసిపోవును. ఆ నిమిషములోనే ఎటు చెక్కవలెనో చూచుకొని, మొదటి గీత గీయవలెను.